పదో తరగతి తప్పినవాడికి తనిఖీ, ఏజెంటుకి తలుపులు బార్లా

విదేశానికి పనికి వెళ్లే భారతీయుణ్ని మన ప్రభుత్వం మొదట అడిగే ప్రశ్న, "నువ్వు పదో తరగతి పాసయ్యావా?" అని. నిన్ను తీసుకెళ్తున్నది ఎవరు, నీకు జీతం ఇచ్చేది ఎవరు అన్నవి ఆ తర్వాతే. ఈ వరుస తలకిందులుగా ఉందని మేము అంటున్నాం.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో సాధారణంగా ఈసీఆర్ అనే ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నవారు ప్రభుత్వం ప్రకటించిన 18 దేశాల్లో దేనికైనా ఉద్యోగానికి వెళ్లాలంటే 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే అధికారి అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇరాక్, జోర్డాన్, లెబనాన్, మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఉన్నాయి. పదో తరగతి దాటినవారికి, ఆదాయపు పన్ను కట్టేవారికి, 50 ఏళ్లు పైబడినవారికి ఈ తనిఖీ లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నడుస్తున్న ఏర్పాటు ఇది.

ఇదంతా పేదవాడి రక్షణ కోసమే అంటారు. రక్షణ అనే మాట మన తెలుగువాళ్లకు కొత్త కాదు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి మన పూర్వీకులు ఎంతమంది బర్మా వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్ల పేరే 'కోరంగీలు' అయిపోయింది. 1860లో మద్రాసు నుంచి నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలతో మొదటి ఓడ బయల్దేరింది. ఆ ఒప్పంద కూలీ కాలంలోనూ వలసదారుల 'ప్రొటెక్టర్' అనే అధికారి ఉండేవాడు. అయినా కూలీల బతుకులు తోటల యజమానుల దయమీదే నడిచాయి. రక్షకుడని పేరు పెట్టినంత మాత్రాన రక్షణ వచ్చేయదు.

ఈ తనిఖీ ఎక్కడ విఫలమవుతోందో చూద్దాం. ఈసీఆర్ ముద్ర ఉన్న మనిషి ఉద్యోగ వీసా మీద దుబాయి వెళ్లాలంటే అనుమతి కావాలి. అదే మనిషి విజిట్ వీసా మీద వెళ్తే అక్కర్లేదు. ఏజెంటు వ్యాపారమంతా ఈ సందులోనే సాగుతుంది. "ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాల్ని చూడ్డానికని చెప్పు, అక్కడ దిగాక వీసా మారుస్తాం" అంటాడు. అవతల ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుందా, వీసా ఉందా, తిరుగు టికెట్ ఉందా అని చూసి లోపలికి పంపిస్తాడు. ఆ దేశం లెక్కలో అతను సందర్శకుడు. మర్నాడు పనిలోకి దిగాడంటే నేరం చేసినట్టే. వీసా గడువు దాటితే జరిమానా పెరుగుతూ పోతుంది. గల్ఫ్‌లో మనవాళ్లు 'కల్లివెల్లి' అనే బతుకు అక్కడ మొదలవుతుంది. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఫిర్యాదు చేయబోతే ముందు పట్టుబడేది తానే అన్న భయం అతని నోరు నొక్కేస్తుంది.

ఈ దారిలో వెళ్లినవాడు ఇంకొకటి కూడా పోగొట్టుకుంటాడు. అనుమతితో వెళ్లే ఈసీఆర్ కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పనికి పోయినవాడి కుటుంబానికి ఆ ఆసరా ఉండదు.

ఇక ఆడవాళ్ల సంగతి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండకపోతే ఆ 18 దేశాల్లో ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. ఆమె క్షేమం కోసమే అంటారు. కానీ అప్పుల వాళ్లు గుమ్మంలో కూర్చున్న ఇంట్లో ఆ ఆడబిడ్డ 30 ఏళ్లు నిండేదాకా ఆగగలదా? గోదావరి జిల్లాల్లో, కడప జిల్లాలో ఖద్దామా పనికి కువైట్ బాట పట్టిన కుటుంబాలను అడగండి. నిషేధం ఆమెను ఇంట్లో ఆపదు, చట్టం కంటికి కనపడని దారిలోకి నెడుతుంది.

చదువుకున్నవాడికి రక్షణ అక్కర్లేదన్న లెక్కా తప్పే. 2024లో కంబోడియాలోని సైబర్ మోసాల ముఠాల చెరనుంచి విశాఖ యువకులు తిరిగొచ్చారు. కంప్యూటర్ ఉద్యోగమని ఆశపెట్టి తీసుకెళ్లి, జనాన్ని ఆన్‌లైన్‌లో మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు వాళ్లని. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. పదో తరగతి సర్టిఫికెట్టు గానీ, డిగ్రీ గానీ అక్కడ ఎవరినీ కాపాడలేదు. మోసం చదువును చూసి రాదు, అవసరాన్ని చూసి వస్తుంది.

మరి మోసగాడికి శిక్ష ఏమిటి? రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపే ఏజెంటుకి 1983 చట్టం రాసిన శిక్ష రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. రిజిస్టరైన ఏజెంటు ఒక్క మనిషి దగ్గర తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఆ జరిమానా ఒక్క మనిషి ఫీజులో పదిహేనో వంతు!

ఏజెంటు మీద ఇంత దయ చూపించే వ్యవస్థ కూలివాడికి ఏం చేయబోయిందో గుర్తుందా? 2018 జనవరిలో ఈసీఆర్ వారికి నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అట్ట చూడగానే ప్రపంచంలోని ప్రతి కౌంటర్‌లోనూ 'వీడు చదువుకోనివాడు' అని తెలిసిపోయే ఏర్పాటన్నమాట. వ్యతిరేకత వెల్లువెత్తడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. రంగు మారలేదు సరే, కానీ ముద్ర లోపల అలాగే ఉంది.

అందుకే మేము అడుగుతున్నాం. చదువును బట్టి వేసే ఈ ముద్రను ఎత్తేయండి. పనికి వెళ్లే ప్రతి ఒక్కరి విషయంలో, వాళ్ల చదువు ఎంతైనా, యజమానినీ ఒప్పందాన్నీ తనిఖీ చేయండి. కార్మికుడు సంతకం పెట్టే ఒప్పందం అతనికి వచ్చిన భాషలో ఉండాలి. షోలాపూర్‌లో, బరంపురంలో, బళ్లారిలో ఉన్న తెలుగువాడికి అది తెలుగులో అందాలి. మోసపోయినవాణ్ని వెనక్కి తెచ్చే ఖర్చు ఏజెంటు ఆస్తి నుంచి రాబట్టాలి. 2019లో, 2021లో కొత్త ఎమిగ్రేషన్ బిల్లు ముసాయిదాలు ప్రజల ముందుకొచ్చాయి. ఏ కొత్త చట్టాన్నయినా మేము ఈ కొలతతోనే కొలుస్తాం.

సంఘాలకు ఒక మాట. ఆదివారం ప్రార్థన అంశాల్లో "మా అబ్బాయికి వీసా రావాలి" అన్న చీటీ ఎక్కడైనా ఉంటుంది. ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక ఆ వీసా కాగితం చదవగలిగిన యువకుణ్ని ఆ ఇంటికి పంపండి. కాగితం చూడటం విశ్వాసం లేకపోవడం కాదు. పరదేశిని ఆదరించమన్న ఆజ్ఞ మన ఊరికి వచ్చినవాడి కోసమే కాదు, మన ఊరినుంచి పరదేశిగా వెళ్తున్నవాడి కోసం కూడా.

యువతా, ఆ ఇంటికి వెళ్లి చూడాల్సినవి ఇవి. వీసా ఉద్యోగానిదా, విజిట్‌దా? అందులో ఉన్న యజమాని దగ్గరే పనా, లేక ఆజాద్ వీసా పేరుతో కఫీల్ ఒకడు, పని మరొకడి దగ్గరా? ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందా? కట్టిన డబ్బుకు రసీదు ఉందా? పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉన్నాయా? సామానులో గసగసాలు పెట్టొద్దని అమ్మకు చెప్పండి, ఎమిరేట్స్‌లో అవి నిషేధం. నొప్పి మాత్రలుంటే అక్కడ అనుమతి ఉన్నవేనా అని ముందే కనుక్కోండి.

మీ ఫోన్‌లో పది నిమిషాల పని ఇది. దానివల్ల ఒక మనిషి జైలు తప్పుతుందేమో, ఒక ఇల్లు అమ్ముడుపోకుండా నిలుస్తుందేమో. ప్రభుత్వం ఏజెంటు వైపు తిరిగి చూసేదాకా మనం అడుగుతూనే ఉండాలి. ఈలోగా మన వీధిలోంచి ఎవరూ ఏ వీసానో తెలియకుండా విమానం ఎక్కకూడదు.