ఊరగాయసీసా పుట్టుపూర్వోత్తరములు



మామిడికాయ దిగు దినములు సమీపించుచున్నవి. ఆవకాయ పెట్టుటకు ముందు కొట్టుగది దులిపి, అటకమీది జాడీలను, సీసాలను దింపి కడిగి యెండబెట్టుట మన యిండ్ల యాచారము. ఆనాడే, పనికిమాలినవని తోచిన పాతసీసాలు పాతసామానులు కొనువాని తట్టలోనికి పోవును. తట్టలో వేయకముందు వానిని ఒకమాఱు చదువుడని ఈ మాసమున నా విన్నపము. సీసాను చదువుట యేమని నవ్వకుడు. మా దెందులూరునకు దాపుననున్న పెదవేగి దిబ్బలలోని యిటుకముక్కను, కుండపెంకును చేతబట్టుకొని పండితులు శాలంకాయనుల నాటి వేంగీనగరపు ముచ్చటలు చెప్పుచున్నారు. మన కొట్టుగదియు నట్టి దిబ్బయే. దానికి పండితురాలు ఇల్లాలే.

ఉప్పు, పులుపు కలిసిన పదార్థము ఇత్తడిని, రాగిని తిని చిలుము పుట్టించును. మామూలు గాజును పులుపేమియు చేయజాలదు. కావుననే ఏడాదిసరకునకు జాడీయు, దినవాడుకకు సీసాయు నేర్పడినవి. అయితే మన యిండ్లలోని పాతసీసాలలో పెక్కులు ఊరగాయకై పుట్టినవి కావు. మందులతోడనో, సీమసరకులతోడనో కాలువ పడవలమీదను, 1893 మొదలు 1896 వఱకు బెజవాడ కటకముల నడుమ రైలుదారి పడిన పిదప రైలుమీదను ఈ ప్రాంతమునకు వచ్చి, లోపలి సరకు తీఱిన వెనుక మన చేత చిక్కినవి. హార్లిక్సు సీసాయే యిందులకు తార్కాణము. 1873లో షికాగో నగరమున హార్లికు సోదరులు నెలకొల్పిన వ్యాపారమది. ఆ వెడల్పుమూతి సీసాలో ఒక్కమాఱైన ఊరగాయ దాచని తెలుగిల్లు అరుదు. ఇట్టి సీసాలు ద్విజులు: మొదటి జన్మము కార్ఖానాలో, రెండవది మన వంటింట. ఈ రెంటిని వేఱువేఱుగా తెలిసికొనవలెను.

మొదటి జన్మమును వ్రేళ్లతో చదువుడు. సీసా ప్రక్కన నిలువుగా సన్నని యచ్చుగీటు తగులును. అది మెడకడ ఆగిపోయి, మూతియంచు నునుపుగా నున్నచో, పనివాడు గొట్టముతో ఊది మూతిని చేతితో దిద్దినాడని గుర్తు. గీటు మూతియంచు మీదివఱకు ప్రాకినచో అది యంత్రము చేసిన సీసా. అమెరికాలో మైకేలు ఓవెన్సు, సీసాను ఆసాంతము తానే చేయు యంత్రమును 1903లో సిద్ధపఱచెను. కాని వెడల్పుమూతి సీసాలను కొంత చేతితో, కొంత యంత్రముతో అంతకుముందే చేయుచుండిరి గనుక, ఊరగాయసీసా విషయమున ఈ గీటొక్కటే సాక్ష్యముగా చాలదు. అడుగు త్రిప్పి చూడుడు. నడుమ గరుకైన మచ్చ యున్నచో, మూతి దిద్దునపుడు ఇనుపకడ్డీని అడుగున అంటించి పట్టుకొన్న జాడ యది. పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలమునకు పూర్వపు సీసాలలో ఇట్టి మచ్చ సామాన్యము.

రంగు విషయమున తొందరపడరాదు. ఇసుకలోని యినుము గాజునకు పచ్చదనమిచ్చును. దానిని పోగొట్టుటకు మాంగనీసు కలిపిన గాజు ఏండ్లకొలది యెండ సోకినచో లేత ఊదారంగు దేలును. ఈ రంగును కృత్రిమకిరణములతో గూడ పుట్టింపవచ్చును గనుక, ఊదారంగు చూచి మురిసి యెక్కువ వెల పెట్టకుడు.

అక్షరములున్నచో పని సులువగును. ఇంగ్లండులోని వూస్టరు నగరపు లీ అండు పెర్రిన్సు వారి సాసు 1837 మొదలు అమ్మకమునకు వచ్చినది. వారి పాతసీసా ప్రక్కన నిలువుగా వారి పేరును, భుజముచుట్టును సాసు పేరును ఉబ్బెత్తుగా నుండును. గాజుబిరడాకు బెండుతొడుగు వేసెడివారు. కాని తేదీని గ్రుడ్డిగా నమ్మరాదు. మేసను సీసాలమీద 1858 నవంబరు 30 అని కనబడును. అది జాను ల్యాండిసు మేసను మరమూతికి పేటెంటు పొందిన దినమేగాని సీసా పుట్టిన దినము గాదు. ఆ తేదీని తరువాత పెక్కు దశాబ్దములు అచ్చువేయుచునే యుండిరి. మన దేశపు సీసాలను చులుకన చేయకుడు. ప్రజలు పైసాపైసా కూర్చిన నిధితో 1908లో తళేగాములో పైసాఫండు గాజుకార్ఖానా వెలసినది. 1916లో ఓగలే వారి కార్ఖానా వచ్చినది. అట్టివారి గుర్తు అడుగున కనబడినచో, అది స్వదేశీదీక్షకు సాక్షి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. ముదురునీలముగనో పచ్చగనో యుండి, పలకలు తేఱి, ప్రక్కల గట్లుగట్లుగా గీతలున్న చిన్నసీసాలు చూపునకు ముద్దుగా నుండును. లోనికి పుచ్చుకొనరాదని ఆంగ్లాక్షరములు గూడ కొన్నింటిమీద నుండును. చీకటిలో తడిమినను చేతికి తెలియవలెనని విషౌషధములకై చేసిన సీసాలవి. వానిని అలమరలో నుంచి చూచుకొనుడు. వంటింటి గడప దాటనీయకుడు. చెక్కడపుపనితో బరువుగా తళతళలాడు స్ఫటికపుగాజులోను సీసము కలిసియుండును. పులుపు తగిలినచో ఆ లోహము మెల్లగా పదార్థములోనికి దిగును. అందు నిమ్మకాయ నిలువ చేయుట యారోగ్యమునకు చేటు.

కడుగునపుడు వేడినీరు పోయకుడు, పాతగాజు చిట్లును. గోరువెచ్చని నీటిలో గుప్పెడు నూకలు వేసి కుదిపినచో లోపలి మడ్డి వదలును. అతికించిన కాగితపుచీటీ యున్నచో దానిని తడుపకుడు.

రెండవ జన్మము ఏ గ్రంథములోను దొరకదు. మా వీథిలో ఎనుబది యేండ్లు దాటిన మామ్మగారి యింట పచ్చని మందుసీసా యొకటి కలదు. మనుమలు దానిని అమ్మివేయ సిద్ధపడగా, దానిలో నేమి యుంచెడివారని నే నడిగితిని. పాతచింతకాయపచ్చడి యట! వీథిలో నే యింట పురుడు వచ్చినను బాలింత పథ్యమునకై ఆ సీసా వెళ్లెడిదట. ఖాళీగా తిరిగివచ్చిన దినము లేదట. ఏదో యొకటి నింపియే పంపెడివారట. గాజును చూచి కార్ఖానాను చెప్పగల నేర్పరు లెందఱో కలరు. ఈ మాట చెప్పగలిగినది ఆ మామ్మగా రొక్కరే. ఆమె చెప్పిన వెనుక మనుమలు సీసాను అమ్మలేదు.

కావున ప్రతి పాతసీసాకును ఒక చీటీ వ్రాయుడు: ఎత్తు, రంగు, గీటు, అడుగు, అక్షరములు, వానిక్రింద, ఎవరింటిది, ఏమి దాచిరి, ఎవరు చెప్పిరి. మొదటి వరుసలోనివి రేపు చూచినను దొరకును. క్రిందివరుసకు మాత్రము నేడే ఇంటి పెద్దముత్తైదువ చెంత కూర్చుండి అడుగవలెను.

వచ్చు మాసమున జాడీలను గూర్చి ముచ్చటింతము.