రేకీ వేదజన్యమా?



"రేకీ మన ఋషుల విద్యయే; అథర్వవేదోక్తమైన స్పర్శచికిత్స బౌద్ధభిక్షువుల ద్వారా జపాను చేరి, అక్కడ పునరుజ్జీవనం పొందింది" అనే వాదం ఆస్తికలోకంలో విరివిగా వినబడుతోంది. ఇది శ్రవణపేయమే, కాని శ్రవణపేయమైనదంతా ప్రమాణం కాదు. వేదాన్ని పరమప్రమాణంగా అంగీకరించినవాడు వేదం పేరిట పలికే ప్రతి మాటకూ ప్రమాణం చూపవలసినదే.

మొదట ఆప్తవాక్యాన్ని విచారించాలి. రేకీ ప్రవర్తకుడు మికావో ఉసుయి 1865లో జపానులోని గిఫు ప్రాంతంలో జన్మించి, 1926లో ఫుకుయామా పట్టణంలో దేహం చాలించాడు. మరుసటి సంవత్సరమే శిష్యులు టోక్యోలోని సైహోజీ ఆలయంలో ఆయనకు స్మారకశిల నిలిపారు. ఆయనను ఎరిగినవారు వేయించిన శాసనమిది. క్యోటో సమీపంలోని కురమా పర్వతంపై ఆయన 21 దినాలు ఉపవాసదీక్ష వహించి శిరస్సుపై మహాశక్తిని అనుభవించాడనీ, 1922 ఏప్రిల్‌లో టోక్యోలో సంస్థను స్థాపించాడనీ, 1923 సెప్టెంబరు భూకంపంలో గాయపడిన అసంఖ్యాకులకు చికిత్స చేశాడనీ అది చెబుతోంది. బౌద్ధ, క్రైస్తవ గ్రంథాలనూ, వైద్యశాస్త్రాన్నీ చదివినవాడని కూడా చెబుతోంది. వేదప్రసక్తి అందులో లేదు.

మరి సంస్కృతప్రసక్తి ఎక్కడిది? ఉసుయి శిష్యుడూ నౌకాదళ వైద్యుడూ అయిన చుజిరో హయాషి వద్ద నేర్చి, 1937లో ఈ విద్యను హవాయి ద్వీపాలకు తెచ్చిన హవాయో తకాటా చెప్పిన కథలోనిది. ఆ కథలో ఉసుయి క్రైస్తవ బోధకుడు; క్యోటోలోని దోషిషా విద్యాలయానికి అధిపతి; చికాగోలో విద్యాభ్యాసం చేసినవాడు; చివరకు సంస్కృత సూత్రాలలో రహస్యాన్ని కనుగొన్నవాడు. తరువాతివారు విచారించగా ఆ రెండు విద్యాలయాల దస్త్రాలలోనూ ఆయన పేరు లభించలేదు. ఈ కథలోని క్రైస్తవత్వాన్ని కల్పితమని త్రోసిపుచ్చి, సంస్కృతాన్ని మాత్రం సత్యమని స్వీకరించడం అర్ధజరతీయం. పాశ్చాత్యులకు ఆయన క్రైస్తవుడు కావలసి వచ్చాడు. మనకు వైదికుడు కావలసి వచ్చాడు. దోషం ఒక్కటే.

"హస్తస్పర్శ వేదంలో లేదా?" అని పూర్వపక్షి ప్రశ్నించవచ్చు. నిస్సంశయంగా ఉంది. ఋగ్వేదం దశమమండలంలోని 60వ సూక్తపు తుది మంత్రం, అథర్వవేదం నాల్గవ కాండలోని 13వ సూక్తం హస్తాన్ని భేషజంగా కీర్తిస్తాయి. అయితే సాదృశ్యమాత్రం చేత జన్యజనకభావం సిద్ధించదు. ఏసుక్రీస్తు స్పర్శతో రోగులను స్వస్థపరిచాడని క్రైస్తవ గ్రంథాలూ చెబుతున్నాయి. అదీ వేదజన్యమే అనవలసి వస్తుంది. కనుక ఈ హేతువు అనైకాంతికం. పైగా వేదంలో స్పర్శ మంత్రాంగం. దానికి స్వరం, దేవత, అధికారం ఉన్నాయి. అవి లేనిచోట చేయి ఆనించినంత మాత్రాన వైదికకర్మ కాదు.

భారతదేశానికి జపాను పడిన ఋణం వేరే చోట ప్రత్యక్షంగా ఉంది. తొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో చీనా నుండి జపాను చేరిన షింగోన్, తెందాయి సంప్రదాయాలవారు నేటికీ బీజాక్షరాలను మన సిద్ధలిపిలో లిఖిస్తారు. ఉసుయి తపస్సు చేసిన నాటికి కురమా ఆలయం తెందాయివారిదే. ఇంతవరకు చెప్పడం సత్యం. ఇంతకుమించి చెప్పడం దురభిమానం.

ఈ దురభిమానం వల్ల కలిగే హాని స్వల్పం కాదు. ఒకరి తపఃఫలాన్ని మరొకరి పేర చెప్పడం అస్తేయవ్రతానికి భంగం. విదేశంలో ఆదరణ పొందిన విద్యను చూపి వేదాన్ని గొప్పచేయడం, అపౌరుషేయమైన దానికి పౌరుషేయమైన దానిచేత యోగ్యతాపత్రం ఇప్పించడమే. అన్నిటికంటె ఘోరమైనది మరొకటి: వేదం పేరు విని విశ్వసించిన రోగి, వైద్యుడిచ్చిన ఔషధాన్ని మానివేస్తే, ఆ పాపంలో ఆ మాట చెప్పినవారికి భాగం లేదా?

రేకీని ఆచరించదలచినవారు ఉసుయిని ఉసుయిగానే స్మరించి ఆచరించవచ్చు. వేదాన్ని ఆశ్రయించదలచినవారికి గురుముఖతః అధ్యయనం ఉంది, నిత్యసంధ్య ఉంది, ప్రాణాయామం ఉంది. వేదమాత బిడ్డలకు పరుల సొమ్ముతో తల్లిని అలంకరించవలసిన దుఃస్థితి లేదు.

ఇతి శమ్.