ట్రాక్టరు తాగే డీజిలుకు లెక్క కట్టేదెవరు?

2020లో ప్రపంచ మార్కెట్లో చమురు ధర కుప్పకూలింది. ఆ లాభం రైతుకు చేరనీయకుండా కేంద్రం మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి, మొత్తం లీటరు డీజిలుకు 16 రూపాయల ఎక్సైజు సుంకం పెంచింది. 2021 నవంబరులో పది, 2022 మేలో ఆరు తగ్గించింది. కానీ మొదటి తగ్గింపు వచ్చేలోపే మన మళ్ళలో మూడు దమ్ములు అయిపోయాయి. డీజిల్ పెరిగిందని బాడుగ పెంచిన యజమానుల్ని ఊరూరా చూశాం. తగ్గిందని బాడుగ తగ్గించినవాణ్ణి మాత్రం మేము చూడలేదు.

ఇదంతా మన సభల్లో చెప్పుకుంటున్నదే, చెప్పుకోవలసిందే. అయితే బంకు దగ్గర జరిగే దోపిడీని గురించి గట్టిగా మాట్లాడే మనం చేలో జరిగేదాన్ని పట్టించుకోవటం లేదు. ఎకరం దమ్ముకు ఎన్ని లీటర్లు కాలింది? ఈ మాట ఏ ఊళ్ళోనైనా అడిగి చూడండి. యజమాని ఒక లెక్క చెబుతాడు, డ్రైవరు ఇంకొకటి. కౌలు రైతేమో "గంటకింత అన్నారు, ఇచ్చాం" అంటాడు. కొలిచినవాడు లేడు.

డీజిల్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో దాన్నిబట్టి బండి నడిచే తీరు మారుతుంది. గంట లెక్కన బాడుగైతే డీజిల్ యజమానిది. కాబట్టి రేజు తగ్గించి నెమ్మదిగా నడపమంటాడు. ఆయనకు డీజిల్ మిగులుతుంది, కౌలు రైతుకు గంటలు పెరుగుతాయి. డీజిల్ నువ్వే పోయించుకో, బాడుగ తగ్గిస్తానన్నచోట కథ తిరగబడుతుంది. నాజిల్ పాడై బండి నల్లపొగ కక్కుతున్నా యజమానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ పొగలో పోయేది సరిగా కాలని డీజిలే. డబ్బు కౌలు రైతుది.

ఏ పద్ధతైనా చివరకు నింద పడేది డ్రైవరు మీద. కృష్ణా డెల్టాలో మాకు తెలిసిన ఒక డ్రైవరుకు, డీజిల్ లెక్క కుదరలేదని నెల జీతం ఆపేశారు. దొంగ అన్నారు. సంఘం వాళ్ళు పట్టుబట్టి అందరి ఎదుటా బండి విప్పించారు. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిలు మార్చి ఎన్నాళ్ళయిందో, అడుగున బురద పేరుకుపోయి ఉంది. ఇంజనుకు గాలే అందటం లేదు. డీజిల్ దొంగ అక్కడ దొరికాడు!

కొలవటానికి ఇంజనీరు అక్కర్లేదు. బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, ట్యాంకును మూతి దాకా నింపాలి. నురగ దిగాక మళ్ళీ అంచుదాకా పోయాలి. విస్తీర్ణం సరిగ్గా తెలిసిన మడిలో పని చేయించి, బండిని అదే చోట, అదే దిక్కుగా నిలిపి, లీటరు కొలపాత్రతో తిరిగి నింపాలి. పోసినంతా కాలినట్టే. ఒక్క మడితో సరిపెట్టుకోవద్దు. నల్లరేగడి తాగించేది వేరు, ఇసుక నేల తాగించేది వేరు. చిన్న చిన్న మడులైతే మలుపులకే బోలెడు పోతుంది. గేజి ముల్లును నమ్మొద్దు. గంటల మీటరునూ అంతగా నమ్మొద్దు. పాత బండ్లలో అది ఇంజను తిరిగే వేగాన్నిబట్టి నడుస్తుంది, గడియారాన్నిబట్టి కాదు. అందుకే లెక్క ఎకరానికి కట్టాలి.

మెట్ట దుక్కిలో ఇంకో పరీక్ష ఉంది. వెనక చక్రానికి సున్నంతో గుర్తు పెట్టి, నాగలి ఎత్తి పది చుట్లు తిప్పండి. 140 అడుగులు నడిచిందనుకుందాం. నాగలి దించి మళ్ళీ పది చుట్లు తిప్పితే 112 అడుగులే వస్తే, నూటికి ఇరవై పాళ్ళు చక్రం ఊరకే జారుతున్నట్టు. పదిహేను దాటితే చేటే. చక్రాలకు బరువు కట్టాలి, లేదా లోతు తగ్గించాలి. టైర్లలో గాలి కంపెనీ పుస్తకంలో పొలం పనికి చెప్పినంతే ఉండాలి. రోడ్డు మీద నడిపే గాలితో దుక్కిలోకి దిగకూడదు. గుంటక తోలటం లాంటి తేలిక పనికి ఒక గేరు పెంచి, ఇంజను మూలగనంత వరకు రేజు తగ్గిస్తే డీజిల్ మిగులుతుంది. రొటావేటరుకు మాత్రం ఈ కిటుకు పనికిరాదు, దానికి కావలసిన తిరుగుడు ఇవ్వాల్సిందే. ఇక గట్టు మీద బాడుగ బేరం తెగేదాకా ఇంజను ఆన్‌లోనే ఉంచే పెద్దమనుషుల గురించి చెప్పేదేముంది!

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి డీజిల్ వాడకంతో సహా నివేదికలిస్తుంది. మంచిదే. కానీ అది కొత్త బండి లెక్క. పదేళ్ళు బురదలో నలిగిన బండి లెక్క మనమే తేల్చుకోవాలి.

ఎకరానికి లీటరు మిగిలితే నూరెకరాలకు నూరు లీటర్లు. లీటరు 95 రూపాయలనుకున్నా 9,500. ఆ డబ్బంతా యజమాని జేబులోకే పోయేటట్టయితే ఈ కొలతలన్నీ మనకెందుకు? దమ్ములు మొదలయ్యే ముందే డ్రైవరు, కౌలు రైతు, యజమాని ముగ్గురి ఎదుటా కొలిచి, బాడుగను గంటకు కాక ఎకరానికి ఖాయం చేయాలి. తగ్గిన ఖర్చులో బాడుగకు ఒక వాటా, డ్రైవరు జీతానికి ఒక వాటా రావాలి. స్టీరింగు పట్టినవాడూ కూలివాడే. కేంద్రం 2014-15 నుంచి యాంత్రీకరణ పథకం కింద అద్దె కేంద్రాలకు సబ్సిడీ ఇస్తూ వచ్చింది. ప్రజల డబ్బుతో కొన్న ఆ ట్రాక్టర్ల డీజిల్ పుస్తకం అందరూ చూసేలా గోడకు వేలాడదీయమని అడగాలి. లీటరు కొలపాత్ర మాత్రం సంఘం ఆఫీసులోనే ఉంచండి, యజమాని ఇంట్లో కాదు.