పెట్టె మీది ‘వీపీఎన్’ ముద్ర చూసి కొనకండి

ఇంటికి కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించుకునేవాళ్లకూ, పాత పెట్టె మార్చాలనుకునేవాళ్లకూ ఇవాళ దొరికే సలహా దాదాపు ఒకటే. మోడెమ్, రూటర్ రెండూ కలిసి ఉండి, వీపీఎన్ కూడా చేసే పెట్టె ఒకటి చూసుకుని కొనేస్తే చాలు, తీగల గొడవ తగ్గుతుంది, ఇంట్లో అందరి ఫోన్లకూ టీవీలకూ భద్రత దానంతటదే వస్తుంది అంటారు. దుకాణంలో చెప్పేది ఇదే, వీడియో సమీక్షల్లో వినిపించేది ఇదే, ఆఫీసులో నాలుగు విషయాలు తెలిసిన స్నేహితుడు చెప్పేదీ ఇదే. ఈ సలహా తప్పని నేనంటున్నాను. వీపీఎన్ పనికిరానిదని కాదు, రెండు పెట్టెలు ఒకటి చేయడమే పాపమనీ కాదు. వీధిలోంచి వచ్చే లైను ఆపరేటర్‌ది, ఇంటి లోపలి నెట్‌వర్కు మనది, వీపీఎన్ అవతలి కొస మరెవరిదో. ఈ మూడింటినీ ఒకే పెట్టెలో ముడివేస్తే, మన ఇంటి గురించి అందరికంటే తక్కువ పట్టింపు ఉన్నవాళ్ల చేతికే దాని పెత్తనం పోతుంది. నా అభ్యంతరం అక్కడే.

ముందు ఆ ముద్ర సంగతి చూద్దాం. ‘వీపీఎన్ సపోర్ట్’ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ పెట్టె ఏం చేస్తుందో తెలియదు. ఎందుకంటే ఆ రాత కింద మూడు వేర్వేరు పనులు చెలామణీ అవుతున్నాయి. మొదటిది పాస్‌త్రూ. ఇంట్లోని ల్యాప్‌టాప్ ఆఫీసు వీపీఎన్‌కు కలుస్తుంటే రూటర్ అడ్డు తగలకుండా పోనివ్వడం, అంతకుమించి ఏమీ లేదు. ఒకప్పుడు ఇదీ చెప్పుకోదగ్గ విషయమే. వీపీఎన్ పద్ధతుల్లో ఒకటైన ఐపీసెక్ పంపే ఈఎస్‌పీ ప్యాకెట్లకు పోర్టు నంబర్లు ఉండవు. ఒక్క ఐపీ అడ్రసును ఇంట్లోని పరికరాలన్నిటికీ పంచే నాట్ పద్ధతి ఆ నంబర్లను పట్టుకునే నడుస్తుంది కాబట్టి, తిరిగొచ్చిన ప్యాకెట్ ఎవరికివ్వాలో దానికి తెలిసేది కాదు. తర్వాత వాటిని యూడీపీ 4500 పోర్టులో చుట్టి పంపడం మొదలయ్యాక ఆ చిక్కు తీరిపోయింది. ఇవాళ పాస్‌త్రూ చేయని రూటర్ దొరకడమే కష్టం. రెండోది క్లయింట్, అంటే రూటరే బయటి వీపీఎన్ కంపెనీకి కలిసి ఇంటి ట్రాఫిక్‌ను దాని గుండా పంపడం. మూడోది సర్వర్, అంటే మనం ఊళ్లో లేనప్పుడు ఫోన్‌లోంచి ఇంటి నెట్‌వర్కులోకి వచ్చేందుకు రూటర్ దారి ఇవ్వడం. ఇవి మూడు వేర్వేరు అవసరాలు. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు.

చవక కాంబో పెట్టెల్లో తరచూ కనిపించేది మొదటిదే. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే, సెక్యూరిటీ మెనూలో ఓ మూల పీపీటీపీ పాస్‌త్రూ, ఎల్2టీపీ పాస్‌త్రూ, ఐపీసెక్ పాస్‌త్రూ అని మూడు గడులు ఉంటాయి. మూడింటికీ టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసినదానికి లోపల ఉన్న ఆస్తి ఆ మూడు టిక్కులే. సర్వర్ కూడా ఉందని చెప్పే పాత మోడళ్లలో కొన్నింటిలో ఉండేది పీపీటీపీ సర్వర్. పీపీటీపీ వాడే ఎంఎస్-చాప్ వీ2 లాగిన్ పద్ధతిని ఒక్క డెస్ కీని వెతికే పనికి కుదించవచ్చని, ఒక రోజులోపే పగలగొట్టవచ్చని 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చేసి చూపించారు. ఆపిల్ 2016లో ఐఓఎస్ 10 నుంచి పీపీటీపీని పూర్తిగా తీసేసింది. అలాంటి సర్వర్‌ను ఆన్ చేయడమంటే భద్రత పేరుతో ఇంటికి కొత్త కన్నం పెట్టుకోవడమే.

నిజమైన క్లయింటో సర్వరో ఉన్న పెట్టెనే కొన్నామనుకుందాం. అప్పుడు వేగం దగ్గర దెబ్బ తింటాం. ఐదారు వందల ఎంబీపీఎస్ లైను మామూలు రూటర్‌లో సాఫీగా నడుస్తోందంటే దాని ప్రాసెసర్ గొప్పదని అర్థం కాదు. అడ్రసు మార్చి ప్యాకెట్‌ను ముందుకు పంపే పనికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, ట్రాఫిక్‌లో ఎక్కువ వంతు ప్రాసెసర్‌ను ముట్టకుండానే దాటిపోతుంది. వీపీఎన్ పెట్టగానే ఆ దగ్గరిదారి చాలా పెట్టెల్లో మూతపడుతుంది. ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ చేతిలోకి తీసుకోవాలి, ఎన్‌క్రిప్ట్ చేయాలి, కొత్త కవరులో పెట్టాలి. 2001లో వచ్చిన ఓపెన్‌వీపీఎన్ అయితే మొన్నమొన్నటిదాకా ఈ పనంతా ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్ బయటే చేసేది. ప్యాకెట్ కెర్నల్ నుంచి ప్రోగ్రామ్‌లోకి, ప్రోగ్రామ్ నుంచి మళ్లీ కెర్నల్‌లోకి తిరగాలి, అదీ ఒకే కోర్ మీద. ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ను చకచకా చేసే ఏర్పాటు మన ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఉన్నట్టు చాలా చవక రూటర్ చిప్పుల్లో ఉండదు. అందుకే వందల ఎంబీపీఎస్ లైను కాస్తా కొన్ని పదులకు పడిపోతుంది. ఇంట్లో ఒకరు వీడియో కాల్‌లో, ఒకరు సినిమాలో ఉంటే చాలు, నెట్ బాగోలేదని ఆపరేటర్‌కు ఫిర్యాదు వెళ్తుంది. తప్పు లైనుది కాదు. జేసన్ డోనన్‌ఫెల్డ్ రాసిన కొత్త వీపీఎన్ పద్ధతి వైర్‌గార్డ్ ఈ స్థితిని చాలావరకు మార్చింది. కోడ్ చిన్నది, అది వాడే చాచా20 ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ప్రత్యేకమైన హార్డ్‌వేర్ అక్కర్లేదు, 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6 నుంచి కెర్నల్‌లోనే భాగం. అయితే పాత కెర్నల్ మీద నడిచే పెట్టెకు అది రావాలంటే తయారీదారు పనిగట్టుకుని తేవాలి. అమ్మేసిన పెట్టె కోసం ఆ శ్రమ పడే తయారీదారులు తక్కువ.

ఇక్కడే అసలు విషయానికి వస్తున్నాను. వీపీఎన్ ఉందా లేదా అన్నదానికంటే, రేపు లోపం బయటపడితే ఆ పెట్టెను ఎవరు బాగుచేస్తారన్నది పెద్ద ప్రశ్న. మన ఊళ్లలో ఫైబర్ నెట్‌కు ఇంట్లో పెట్టేది, మనం అలవాటుగా మోడెమ్ అనేది, ఓఎన్‌టీ. దాని అడుగున చీటీ మీద ఉన్న సీరియల్ నంబరు ఆపరేటర్ ఎక్స్ఛేంజిలో నమోదైతేనే లైను వెలుగుతుంది. అందుకే బయట ఎంత మంచి ఫైబర్ కాంబో కొన్నా, ఆపరేటర్ ఒప్పుకుని నమోదు చేయకపోతే నెట్ రాక కూర్చోవలసిందే. నమోదు చేశాక దాని సెట్టింగులు, ఫర్మ్‌వేర్ దూరం నుంచే మార్చగల ఏర్పాటు, టీఆర్-069, ఆపరేటర్ చేతికి వెళ్తుంది. కరెంటు మీటరు డిస్కంది, దాని తర్వాతి మెయిన్ బోర్డు మనది. ఎవరి హద్దు ఎక్కడో అందరికీ తెలుసు. నెట్ దగ్గర మాత్రం మెయిన్ బోర్డును కూడా మీటరు డబ్బాలోనే పెట్టించుకుని, అది మన భద్రత చూసుకుంటుందని నమ్ముతున్నాం.

ఈ నమ్మకానికి ఎదురు సాక్ష్యం కావలసినంత ఉంది. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ చందాదారులు సుమారు 9 లక్షల మందికి నెట్ పోయింది. దూర నిర్వహణకు వాడే 7547 పోర్టు మీద మిరాయ్ మాల్వేర్ రకం ఒకటి దాడి చేయడమే కారణం. 2017 జులైలో మన దేశంలోనే బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు వేల సంఖ్యలో మాల్వేర్ బారిన పడి మూగబోయాయి. వాటిలో పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్’గానే ఉండిపోయింది. 2018 మేలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాలలో చేరిందని సిస్కో పరిశోధకులు లెక్కగట్టారు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే పేరున్న రూటర్లే అందులో ఎక్కువ. పాస్‌వర్డు మార్చకపోవడం, అక్కర్లేని పోర్టు బయటికి తెరిచి ఉంచడం, తెలిసిన లోపాన్ని సరిచేయకుండా వదిలేయడం, ఇవీ ఇళ్లలోకి దారులు. వీపీఎన్ ముద్ర వీటిలో దేన్నీ ఆపదు. పైగా రూటరే పరుల చేతికి వెళ్లాక దాని లోపల నడిచే వీపీఎన్ కీలు కూడా వాళ్లవే.

‘ఆపరేటర్ మన బ్రౌజింగ్ అంతా చూస్తాడు కదా, ఇంటి మొత్తానికి వీపీఎన్ పెడితే తప్పేమిటి’ అని అడుగుతారు. భయం న్యాయమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వీపీఎన్ ఆ చూపును తొలగించదు, ఆపరేటర్ నుంచి వీపీఎన్ కంపెనీకి మారుస్తుంది. ఆపరేటర్ ఈ దేశ చట్టాలకు, లైసెన్సు షరతులకు లోబడినవాడు. అవతలివాడు ఎవరో, ఎక్కడ ఉన్నాడో చాలామంది కొనేటప్పుడు చూడరు. ఇక్కడే సర్వర్లు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు వర్తిస్తాయి. చందాదారుల పేర్లు, చిరునామాలు, కేటాయించిన ఐపీలు 5 ఏళ్లు భద్రపరచాలన్నది వాటి సారం. ఆ ఏడాదే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. ఇక వెబ్‌సైట్లలో అత్యధిక భాగం ఇప్పటికే హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తున్నాయి. అందువల్ల ఆపరేటర్‌కు మనం ఏ సైటుకు వెళ్లామో తెలియవచ్చు గానీ, అక్కడ ఏం చదివామో, బ్యాంకు పేజీలో ఏం రాశామో తెలియదు. ఆ మిగిలిన కాస్త కనుమరుగు కావాలనుకునేవారికి ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో, ఆ ఒక్క ఫోన్‌లో వీపీఎన్ యాప్ పెట్టుకునే దారి ఉంది. ఇల్లంతటినీ విదేశీ సర్వర్ గుండా పంపితే ఓటీటీలు ప్రాక్సీ అంటూ ఆపేస్తాయి, కొన్ని బ్యాంకు యాప్‌లు తిరస్కరిస్తాయి. నాలుగు రోజులకు విసిగి ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు, ఆ తర్వాత ఎవరూ తిరిగి ఆన్ చేయరు.

నా మాటకు ఎదురయ్యే రెండో అభ్యంతరం సౌకర్యం గురించి. ఒక పెట్టె, ఒక అడాప్టరు, చెడితే ఫోన్ చేయడానికి ఒక్క నంబరు. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. నెట్ చూడటం, మాట్లాడటం తప్ప మరే అవసరం లేని ఇంటికి ఆపరేటర్ ఇచ్చిన పెట్టే చాలు. పాస్‌వర్డు మార్చి, దూర నిర్వహణ పేజీ బయటికి తెరిచి లేదని చూసుకుంటే సరిపోతుంది. వాళ్లు వీపీఎన్ ముద్ర కోసం వేలు పోయనక్కర్లేదు. అంతకుమించి కావలసినవాళ్లకు రెండో పెట్టె భారం చెప్పుకున్నంత కాదు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటర్ పని వదిలి లైనును మాత్రమే అందించేలా, పెట్టమని ఆపరేటర్‌ను అడగాలి, లాగిన్ వివరాలు మన రూటర్‌లో వేసుకోవాలి. ఆపరేటర్ కుదరదంటే, ఓఎన్‌టీ వైఫై ఆపేసి దాని లాన్ పోర్టు నుంచి మన రూటర్‌కు ఒక తీగ లాగితే చాలు. నాట్ రెండుసార్లు జరుగుతుందని నిపుణులు మూతి ముడుస్తారు గానీ, బయటికి వెళ్లే ట్రాఫిక్‌కు ఇబ్బంది దాదాపు ఉండదు. రేపు ఆపరేటర్ మారినా మన రూటర్, మన వైఫై పేరు, మన సెట్టింగులు అలాగే ఉంటాయి. యాప్ పెట్టుకోలేని టీవీకి మాత్రమే వీపీఎన్ కావాలంటే, ఏ పరికరం ఏ దారిన పోవాలో విడిగా చెప్పనిచ్చే రూటర్‌ను ఎంచుకోవచ్చు.

వీపీఎన్ సర్వర్ నిజంగా అక్కరకు వచ్చే సందర్భం ఒకటుంది, సలహాలు చెప్పేవాళ్లు దాన్నే సరిగా వివరించరు. అమ్మానాన్న గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో. ఇంటి సీసీ కెమెరాలు అక్కడి నుంచి చూడాలి. చాలాచోట్ల కెమెరా పెట్టిన కుర్రాడు చేసేది డీవీఆర్‌కు పోర్టు ఫార్వర్డ్ చేసిపోవడం. 2016లో మిరాయ్ పట్టుకున్న పరికరాల్లో ఇలా బయటికి తెరిచిన డీవీఆర్లు, కెమెరాలు పెద్ద భాగం. ఆ పోర్టు మూసి, వీపీఎన్ లోంచి మాత్రమే కెమెరా దగ్గరికి వచ్చేలా చేయడం ఎంతో మేలు. కానీ మన ఆపరేటర్లలో చాలామంది ఇంటికి నేరుగా పబ్లిక్ ఐపీ ఇవ్వరు. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి మామూలుగా పంచే ఐపీవీ4 అడ్రసులు 2011 ఏప్రిల్‌లోనే అయిపోయాయి, అందుకే ఒకే అడ్రసు వెనక అనేక ఇళ్లను ఉంచే సీజీనాట్ వచ్చింది. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మన ఇల్లు దాని వెనకే ఉన్నట్టు. అప్పుడు ఎంత ఖరీదైన పెట్టెలోని సర్వరైనా ఐపీవీ4లో బయటి నుంచి పిలుపు అందుకోలేదు. స్టాటిక్ ఐపీకి అదనంగా చెల్లించాలి, లేదా రెండు వైపుల నుంచీ బయటికి కలిసి మధ్యలో జతకూర్చే టెయిల్‌స్కేల్ వంటిది ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. అది కాంబో పెట్టె పని కాదు. ఐపీవీ6 ఉన్నచోట మరో దారి ఉంది గానీ, చూసేవాళ్ల నెట్‌లోనూ అది ఉండాలి. ఈ లెక్క కొనకముందు చూసుకోవలసింది. కొన్నాక చూస్తే డబ్బు పోయినట్టే.

‘మరి యూరప్‌లో కాంబో పెట్టెలు బాగానే నడుస్తున్నాయి కదా’ అనే వాదన మిగిలింది. నిజమే, జర్మనీలో ఏవీఎం పేరుతో ఎదిగిన కంపెనీ, ఫ్రిట్జ్‌బాక్స్ పేరిట మోడెమ్, రూటర్, వీపీఎన్ అన్నీ ఒకే పెట్టెలో ఇస్తుంది. అమ్మిన పెట్టెలకు ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇస్తుంది. 2022 చివర్లో వచ్చిన ఫ్రిట్జ్ ఓఎస్ 7.50తో, అంతకుముందే కొన్న అనేక మోడళ్లకు కూడా వైర్‌గార్డ్ చేరింది. కానీ అక్కడ 2016 ఆగస్టు 1 నుంచి చట్టం ఉంది. ఆపరేటర్ తన రూటర్‌నే వాడమని బలవంతం చేయకూడదు, కలపడానికి కావలసిన వివరాలు అడిగినవాడికి ఇచ్చి తీరాలి. అంటే అక్కడ పెట్టె ఒకటే అయినా పెత్తనం ఇంటివాడిది. బ్రిటన్ మరో అడుగు వేసింది. 2024 ఏప్రిల్ 29 నుంచి ఇళ్లకు అమ్మే నెట్ పరికరాలకు ఊహించగల ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డు ఉండకూడదు, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో తయారీదారు ప్రకటించాలి. మన దగ్గర కూడా ఆపరేటర్ అడిగిన చందాదారుకు బ్రిడ్జ్ మోడ్ ఇచ్చి తీరాలనీ, పెట్టె అట్ట మీద అప్‌డేట్ల గడువు అచ్చు వేయాలనీ నియమం రావాలి. అది వచ్చేలోపు దుకాణంలో ముందుగా అడగవలసినవి రెండే ప్రశ్నలు. ఈ మోడల్‌కు చివరి ఫర్మ్‌వేర్ ఏ నెలలో వచ్చింది, తయారీదారు ఇంకా ఎన్నేళ్లు ఇస్తానన్నాడు. దుకాణదారుకు తెలియకపోతే, తయారీదారు సైటులో ఆ మోడల్ డౌన్‌లోడ్ పేజీ అక్కడికక్కడే ఫోన్‌లో తెరిచి తేదీ చూడండి. అది రెండేళ్ల కిందటిదైతే పెట్టెను తిరిగి అల్మారాలో పెట్టించండి.