148 మంది తిరిగి వెళ్తామన్నారు

1962 డిసెంబరులో ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఓటింగు జరిగింది. ఓటేసిన వాళ్లది ట్రిస్టన్ డా కున్హా అనే దీవి. అంతకు ఏడాది ముందు ఊరి పక్కనే అగ్నిపర్వతం బద్దలైతే, అందరూ కట్టుబట్టలతో పడవలెక్కి వచ్చేశారు. ఇంగ్లండ్‌లో వాళ్లకు ఇళ్లిచ్చారు, పనులు దొరికాయి. అయినా తిరిగి వెళ్తామని 148 మంది ఓటేస్తే, ఉండిపోతామన్నవాళ్లు ఐదుగురు. 1963లో ప్రయాణమైపోయారు.

ఏముంది అక్కడ? దక్షిణ అట్లాంటిక్ మధ్యలో 2,062 మీటర్ల కొండ, దాని పాదాల దగ్గర సన్నటి పచ్చిక నేల, ఒకే ఒక్క ఊరు. జనం 250 మంది కూడా లేరు. పొరుగు ఊరనుకుంటే సెయింట్ హెలీనా. అదీ సుమారు 2,400 కిలోమీటర్ల దూరం. విమానం దిగే చోటు లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం పట్టే దారి.

ఇలాంటి చోట బతుకు నెమ్మదిగా సాగుతుందంటే, పనీపాటా లేక అనుకుంటాం. అది పొరపాటు. ఊళ్లో ఒక ఇనుప సిలిండరు వేలాడదీసి ఉంటుంది. సముద్రం అనుకూలంగా ఉన్న రోజు తెల్లవారుజామునే దాన్ని గంటలా కొడతారు. ఆ మోత వింటే చాలు, ఆఫీసులో పనిచేసేవాళ్లు సైతం ఆ పని పక్కనబెట్టి పడవల మీద లాబ్‌స్టర్ల వేటకు పోతారు. దీవికి వచ్చే రాబడిలో పెద్ద భాగం ఆ వేటదే. గాలి తిరిగితే వేట లేదు. అప్పుడు ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో రాతిగోడల మధ్య వేసుకున్న బంగాళాదుంప మడుల్లో పని ఉంటుంది. ఏ రోజు ఏ పనో సముద్రం చెబుతుంది. తొందరపడి లాభం లేదు కాబట్టి ఎవరూ తొందరపడరు.

ఈ నిదానం నిలబడటానికి ఇంకో కారణం ఉంది. సెయింట్ హెలీనాలో ఖైదులో ఉన్న నెపోలియన్‌ను ఎవరూ ఇటునుంచి తప్పించకుండా 1816లో బ్రిటిష్ సైన్యం ఈ దీవిలో దిగింది. మరుసటి ఏడాది సైన్యం వెళ్లిపోతుంటే విలియం గ్లాస్ అనే కార్పొరల్ కుటుంబంతో ఉండిపోయాడు. తోడున్నవాళ్లతో కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాడు: సరుకూ లాభమూ అందరికీ సమానం, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనేది లేదు. నేటికీ అక్కడ భూమి ఉమ్మడిదే. ఒక ఇంటివాళ్లు ఎన్ని పశువుల్ని పెంచుకోవచ్చో కూడా లెక్క ఉంది. పక్కవాడిని దాటిపోవాలన్న ఆరాటానికి అక్కడ మొదటినుంచీ చోటివ్వలేదు.

అయితే అవసరం పడితే వాళ్ల వేగం చూడాల్సిందే. 2011 మార్చిలో సోయా గింజలతో వెళ్తున్న ‘ఒలీవా’ అనే ఓడ పక్కనే ఉన్న నైటింగేల్ దీవి రాళ్లను ఢీకొని విరిగిపోయింది. దాని చమురు రాక్‌హాపర్ పెంగ్విన్లను ముంచెత్తింది. దీవివాళ్లు 3,700కు పైగా పక్షుల్ని పడవల్లో ఊరికి చేర్చారు. చమురు కడిగారు, చేపలు తినిపించారు, ఊరి ఈతకొలనును వాటికి వదిలేశారు. చివరికి బతికి సముద్రంలోకి వెళ్లింది పదింట ఒక వంతే. ఆ నష్టం చదువుతుంటే నేటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ శ్రద్ధ పక్షులతో ఆగలేదు. 2020లో వాళ్లు తమ చుట్టూ సుమారు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపినా అందులో సగం రాదు.

కష్టాలు లేవని కాదు. జనాభా తగ్గుతోంది. పై చదువులకు పిల్లలు సముద్రం దాటాల్సిందే. పెద్ద జబ్బు చేస్తే ఓడ కోసం ఎదురుచూడాలి.

చూసి రావాలనుకునే పాఠకులు ముందు దీవి కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. ఏడాదికి కొన్నిసార్లే వెళ్లే ఓడలో చోటు అడగాలి. అందులో మొదటి చోటు రోగులది, ఆఖరిది పర్యాటకులది. ఆ వరుస సరైనదే.