కత్తి ఎప్పుడూ ఆవిడకేనా?

ఎమర్జెన్సీ మాట వస్తే మన వీకెండ్ పార్టీల్లో అందరికీ గొంతు లేస్తుంది. 1976-77లో ఒక్క ఏడాదిలో 60 లక్షల పైచిలుకు మగవాళ్ళకి వేసక్టమీ చేశారు, టార్గెట్లు పెట్టి బలవంతాన పట్టుకెళ్ళారు, 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ని ఊడ్చేసింది. అంతా నిజమే. (ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది, అది వేరే చర్చ.) ఆ కథలో మనం చెప్పుకోని సగం ఒకటుంది. ఆ దెబ్బతో సర్కార్లు కుటుంబ నియంత్రణ మానలేదు, మగాడి జోలికి పోవడం మానేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, ఆంధ్రప్రదేశ్‌లో అయితే దాదాపు 70 మంది. భర్త చేయించుకున్న జంటలు దేశం మొత్తం మీద వెయ్యికి మూడు!

ఆ ముగ్గురిలాంటి వాణ్ణి నేనొకణ్ణి. ఇక్కడే, అమెరికాలో, మూడేళ్ళ క్రితం చేయించుకున్నాను. మా ఆవిడకి రెండు కాన్పులూ సిజేరియన్లే. ఇంక నన్ను కోయకండి అంది. సరేనన్నాను. అరగంట కూడా పట్టలేదు, రెండ్రోజులు ఐస్ ప్యాకులు, సోమవారం ఆఫీసు.

అసలు గొడవ తర్వాత తలలో మొదలైంది. మగ హార్మోను రక్తంలో కలుస్తుందనీ, కత్తిరించిన గొట్టాలతో దానికి సంబంధం లేదనీ డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. అయినా జిమ్‌లో బరువు లేవకపోతే ఆపరేషనే గుర్తొచ్చేది. మూడు నెలల తర్వాత టెస్టులో కణాలు లేవని తేలిన రోజు సంతోషించాల్సింది పోయి ఎందుకో దిగులేసింది. ఎవరితో చెప్పుకోను?

ఒకరోజు గిన్నెల దగ్గర మాటామాటా పెరిగి, "నీ కోసమే కదా చేయించుకున్నాను" అనేశాను. "నేను రెండుసార్లు కోయించుకున్నాను, ఎప్పుడైనా లెక్క చెప్పానా?" అంది. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఐదో రోజు తన భయం బయటపెట్టింది: రేపు నాకేమైనా అయి నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే నన్ను తిట్టుకుంటావేమో అని. ఇది ఏ ఫారంలోనూ అడగరు. నన్ను అడిగింది ఒకటే, ఇంక పిల్లలు వద్దా అని.

నా అభిప్రాయం, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా: భార్యకి చేసే ఉపకారం అనుకునేవాడు ఈ ఆపరేషన్ చేయించుకోకూడదు. ఆవిడ పోరు పడలేక వెళ్ళేవాడు అసలే చేయించుకోకూడదు. నూటికి ఒకరిద్దరికి నొప్పి చాలాకాలం ఉండిపోతుంది, అదీ దాచకూడదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇవన్నీ ముందే మాట్లాడించాలి. మాట్లాడుకున్నాక మాత్రం, పొట్ట తెరిచే పని కన్నా ఇదే తేలిక, ప్రమాదమూ తక్కువ.

మా ఊళ్ళో మేము నలుగురం కలిసి ఏటా కంటి శిబిరం పెట్టిస్తాం. ఈ వేసవిలో అక్కడ మగవాళ్ళతో నా సంగతి చెబుతానని అమ్మకి ఫోన్ చేశాను. చాలాసేపు పలకలేదు. "ఒరే, నీకు హెర్నియా అని అందరికీ చెప్పుకున్నానురా" అంది చివరికి.