పాత వ్యాను కొనే ముందు

పడకలు, వంటగట్టు అమర్చిన పాత వ్యాను కొనుక్కుంటే అమ్మానాన్నలతో, పిల్లలతో సుఖంగా ప్రయాణించవచ్చునని మనలో కొందరు ఆలోచిస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే విజయవాడవాసులమైన మనం మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరదలో ఈ బండి మునిగిందా?

సీటు బెల్టును చివరికంటా లాగి చూద్దాం. లోపలి భాగంలో బురద మరకలుంటే అనుమానించవలసిందే. కింది పరుపులు ఎత్తించి తుప్పును, వైర్లను ఆటోనగర్‌లో నమ్మకమైన మెకానిక్‌కు చూపిద్దాం.

పిదప ఆర్.సి. చదువుదాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలకు తయారీదారు నిర్దేశించిన వాటితో పొంతన లేకుండా పోయేలా బండిని మార్చకూడదు. సొంత వాహనానికి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బండి యోగ్యంగా ఉంటేనే 5 ఏళ్లకు పొడిగిస్తారు.

సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం ఇస్లాం అనుమతించదు. కనుక నిస్సంకోచంగా అడుగుదాం, జవాబును కాగితం మీద రాయించుకుందాం. ధర చవకని వడ్డీ అప్పుకు పోవద్దు. మరమ్మతుల ఖర్చు కూడా చేతిలో ఉన్నప్పుడే కొందాం. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలే అయితే అద్దె బండి చాలు.